నైట్ డ్యూటీ సిస్టర్ అన్నం డబ్బా ఎందుకు విప్పలేదు?

ప్రశ్న: గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణంలో 120 పడకల ప్రైవేటు ఆసుపత్రికి నేను నర్సింగ్ సూపరింటెండెంట్‌ని. ఏడాదిగా సిస్టర్లు ఒకరి తర్వాత ఒకరు మానేస్తున్నారు. 30 పడకల జనరల్ వార్డులో నిరుడు ఏడుగురు ఉండేవారు, ఇప్పుడు అయిదుగురే మిగిలారు. డబుల్ డ్యూటీలు మామూలైపోయాయి. ఒకరిద్దరు డాక్టర్లు రౌండ్స్‌లో అందరి ముందూ కేకలేస్తారు. ఏదైనా పొరపాటు జరిగితే జీతం కోస్తారన్న భయంతో ఎవరూ పైకి చెప్పరు. మా డైరెక్టర్ గారు మంచివారే. నర్సుల దినోత్సవానికి కేకు కోయించారు, హైదరాబాద్ నుంచి ఒక వక్తను రప్పించి వ్యక్తిత్వ వికాస తరగతి పెట్టించారు. అయినా ఫలితం లేదు. "ఈ కాలం పిల్లలకు ఓపిక లేదు, మీరే దారిలో పెట్టాలి" అంటున్నారు. మొన్న నైట్ డ్యూటీ దిగి వెళ్తున్న ఒక సిస్టర్ సంచిలో అన్నం డబ్బా మూత కూడా తీయకుండా కనిపించింది. అడిగితే "కుదరలేదు మేడమ్" అంది. వారం తిరక్కుండా ఆమె కూడా రాజీనామా ఇచ్చింది. పని వాతావరణం బాగుచేయమని నాకు మూడు నెలల గడువిచ్చారు. ఎక్కడ మొదలుపెట్టాలి?
— ఒక నర్సింగ్ సూపరింటెండెంట్

జవాబు:

సూపరింటెండెంట్ గారూ,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ అన్నం డబ్బా దగ్గర ఆగిపోయాను. ముప్ఫై ఏళ్లకు పైగా వార్డుల్లో, ఆ తర్వాత పరిపాలన గదుల్లో పనిచేసినదాన్ని. మూత తీయని డబ్బాలు నేనూ ఎన్నో ఇంటికి మోసుకెళ్లాను. పన్నెండు గంటల డ్యూటీలో ఇరవై నిమిషాలు కూర్చుని నాలుగు ముద్దలు తినే వీలు లేదంటే, ఆ వార్డులో పని అమరికలోనే ఎక్కడో పెద్ద లోపం ఉంది. మీరు దాన్ని చూశారు, అడిగారు. ఈ పని మీ చేతికి రావడం మంచిదే.

డైరెక్టర్ గారు ఓపిక గురించి అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. ఓపిక లేనివాళ్లు మూడేళ్ల జీఎన్ఎం డిప్లొమా, నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివి, హాస్టల్ తిండి తిని, క్లినికల్ పోస్టింగుల్లో నిలబడి నిలబడి కాళ్లు వాచి ఈ వృత్తిలోకి రారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా జర్మనీ వెళ్లడానికి మన పిల్లలు నెలల తరబడి కొత్త భాషతో కుస్తీ పడుతున్నారు. జర్మన్ వ్యాకరణాన్ని భరించగలిగినవాళ్లు మన వార్డును భరించలేకపోతున్నారంటే తప్పు పిల్లలది కాదు. ఆయనతో ఈ మాట మెత్తగానే చెప్పండి, కానీ తప్పకుండా చెప్పండి. రోగం ఎవరిదో తేలకుండా వైద్యం మొదలుపెట్టలేం కదా.

1980ల మొదట్లో అమెరికాలో నర్సుల కొరత తీవ్రంగా ఉండేది. ఎందుకు మానేస్తున్నారని అందరూ అడుగుతుంటే, అమెరికన్ అకాడమీ ఆఫ్ నర్సింగ్ ప్రశ్నను తిరగేసింది. ఇంత కొరతలోనూ నర్సులు నిలిచి ఉంటున్న ఆసుపత్రులు ఏవి, వాళ్లెందుకు ఉంటున్నారు అని అడిగింది. 1983 నాటి నివేదికలో అలాంటి ఆసుపత్రులు 41 తేలాయి. సూదంటురాయిలా సిబ్బందిని పట్టి ఉంచుతున్నాయని వాటికి మాగ్నెట్ ఆసుపత్రులన్న పేరు వచ్చింది. నర్సింగ్ అధిపతికి యాజమాన్యం సమావేశంలో కుర్చీ, వార్డు నిర్ణయాల్లో సిస్టర్ల మాటకు విలువ, సరిపడా మనుషులు, ఇంటి అవసరాలకు కొంత సర్దుబాటయ్యే డ్యూటీ చార్టు, డాక్టర్ల నుంచి గౌరవం వంటివి వాటిలో కనిపించాయి. వీటిలో ఏ ఒక్కటీ ఉపన్యాసంతో వచ్చేది కాదు. అన్నీ ఆసుపత్రి నడిచే తీరులో ఉన్నవే.

మీరు కూడా మిగిలిన ఆ అయిదుగురితో విడివిడిగా కూర్చుని "ఇంతవరకూ ఎందుకు ఉన్నారు, ఏ రోజున మానేద్దామనిపించింది" అని అడగండి. మానేసేవాళ్లను చివరి రోజున అడిగే ఆనవాయితీ చాలాచోట్ల ఉంది. ఉన్నవాళ్లను ఎవరూ అడగరు.

అంతకంటే ముందు ఒక పని చేయాలి. ఆ వార్డులో రెండు రాత్రులు కూర్చోండి. తనిఖీకి వచ్చినట్టు కాకుండా, ఒక చిన్న పుస్తకం పట్టుకుని ఒక సిస్టర్ వెంట తెల్లవార్లూ నడవండి. ఏ పనికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి. పేర్లు రాయకండి. ఎందుకు తిరుగుతున్నారో వాళ్లకు ముందే చెప్పండి, లేకపోతే తప్పులు పట్టడానికి వచ్చారనుకుంటారు.

నేను మొదటిసారి అలా కూర్చున్నది ఒక పెద్ద ఆసుపత్రిలో, సూపర్‌వైజర్‌గా ఉన్నప్పుడు. అక్కడ రెండు వార్డులకు ఒకటే బీపీ మిషన్. మూడో అంతస్తు నుంచి కింది ఫార్మసీకి సిస్టరే దిగాలి, కిటికీ దగ్గర వరుసలో నిలబడాలి, ఒక మందు లేకపోతే డ్యూటీ డాక్టరు సంతకం కోసం మళ్లీ పైకి ఎక్కాలి. మధ్యలో సెలైన్ అయిపోయిందని ఒక అటెండెంటు, బిల్లు ఎంతయిందని మరొకరు. తెల్లవారాక నా పుస్తకం చూసుకుంటే రోగి మంచం దగ్గర గడిచిన సమయం కంటే దారిలో గడిచిన సమయమే ఎక్కువగా ఉంది. అంతకు ముందు నెలలోనే "రోగులను సరిగా పట్టించుకోవడం లేదు" అని ఆ సిస్టర్‌కు మెమో ఇచ్చింది నేనే. ఆ మెమో గుర్తొస్తే ఇప్పటికీ బాధేస్తుంది.

మీ పుస్తకంలోనూ ఇలాంటివే తేలవచ్చు. మందులు తేవడం, కావాల్సిన సామాను కోసం ఇండెంట్ రాయడం, బిల్లింగ్‌కు కాగితాలు పంపడం, ఆరోగ్యశ్రీ కేసుల ఫొటోలు, పత్రాలు సర్దడం, లిఫ్టు దగ్గర స్ట్రెచర్ కోసం ఎదురుచూడడం... ఇవేవీ నర్సింగ్ పనులు కావు. వార్డుకు ఒక క్లర్కును, ఫార్మసీ నుంచి వేళకు మందులు తెచ్చి ఇచ్చే ఒక మనిషిని పెట్టమని అడగండి. సాధారణంగా కొత్త నర్సు జీతం కంటే తక్కువ ఖర్చులో సిస్టర్లకు ఎన్నో గంటలు తిరిగొస్తాయి. ఇంగ్లండ్‌లో ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ అయిన ఎన్‌హెచ్ఎస్‌లో 2008 ప్రాంతంలో వార్డులకు వార్డులు ఇదే పద్ధతిలో సర్దుకున్నాయి. ఏ వస్తువు ఎక్కడుండాలో వార్డు సిబ్బందే నిర్ణయించుకున్నారు. చాలాచోట్ల మందులు ఇచ్చే వేళలో "పలకరించవద్దు" అని రాసిన ఎర్ర పైకోటు తొడుక్కున్నారు. కోటు లేకపోయినా పర్వాలేదు, రాత్రి తొమ్మిది గంటల మందుల వేళ సిస్టర్‌ను ఫోనుకూ బిల్లుకూ పిలవకూడదన్న నియమం చాలు. ఆ నియమాన్ని డాక్టర్లు కూడా పాటించాలి.

ఇప్పుడు మనుషుల లెక్కకు వద్దాం. ఈ లెక్క డైరెక్టర్ గారి ముందు కాగితం మీద వేసి చూపించండి. ఉదయం ఆరు గంటలు, మధ్యాహ్నం ఆరు గంటలు, రాత్రి పన్నెండు గంటలు. వేళ ఏదైనా వార్డులో ఇద్దరు సిస్టర్లు ఉండాలనుకుంటే వారానికి 336 గంటల పని. ఒక మనిషికి వారానికి 48 గంటల చొప్పున సరిగ్గా ఏడుగురు కావాలి. ఆ ఏడుగురిలో ఒక్కరికీ జ్వరం రాకూడదు, ఒక్కరింట్లోనూ పెళ్లి జరగకూడదు. సెలవుల కోసమని భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణాలు మరో 30 శాతం మందిని విడిగా లెక్కిస్తాయి. దాన్ని కలిపితే తొమ్మిది మంది. మీ దగ్గర ఉన్నది అయిదుగురు, అంటే 240 గంటలు. తక్కువ పడిన 96 గంటలను ఆ అయిదుగురే తలా పంతొమ్మిది గంటల చొప్పున మోస్తున్నారు. ఒక్కొక్కరికి వారానికి 67 గంటలు! డబుల్ డ్యూటీ అన్న చిన్న మాట వెనుక ఉన్న అంకె ఇది. నిరుడు ఏడుగురు ఉన్నప్పుడే ఈ పగులు మొదలైందని కూడా ఈ లెక్కే చెబుతుంది. సెలవు అడిగితే లేదన్నారు, లేదన్నందుకు ఒకరు మానేశారు, ఆ పని మీద పడి ఇంకొకరు మానేశారు. ఈ గొలుసును ఎక్కడో ఒకచోట తెంపాలి. కనీసం ఇద్దరిని వెంటనే తీసుకోవాలి. వాళ్లు వచ్చేదాకా ఆ వార్డులో పడకలు తగ్గించి నడపమని అడగడానికి కూడా వెనకాడకండి.

పడకలు తగ్గిస్తే ఆదాయం పోతుందని ఆయన అనవచ్చు. అప్పుడు ఆయనకు నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం చేసిన పరిశోధన గురించి చెప్పండి. అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రుల్లో శస్త్రచికిత్స రోగుల వివరాలను వాళ్లు పరిశీలించి 2002లో ప్రచురించారు. ఒక నర్సు చూసే రోగుల సంఖ్య ఒక్కటి పెరిగినకొద్దీ, రోగి ముప్ఫై రోజుల్లో చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు పూర్తిగా అలసి విసిగిపోయే అవకాశం 23 శాతం పెరిగినట్టు తేలింది. అమెరికా లెక్క మనకు అచ్చుగుద్దినట్టు వర్తించకపోవచ్చు. అయినా అలసిన చేతులే రోగికి ఇంజెక్షన్ వేస్తాయన్నది ఎక్కడైనా ఒకటే. మీ డైరెక్టర్ గారు డాక్టరే అయితే ఆయనకు ఇది వేరే వివరించనక్కర్లేదు.

డ్యూటీ చార్టు నెల ముందే గోడకెక్కాలి. మధ్యాహ్నం డ్యూటీ దిగి రాత్రి ఎనిమిదికి ఇంటికి వెళ్లినవాళ్లకు మర్నాడు ఉదయం డ్యూటీ వేయకుండా చూడండి, నైట్ల వరుస అయ్యాక తప్పకుండా సెలవు ఇవ్వండి. తమలో తాము డ్యూటీలు మార్చుకునే స్వేచ్ఛ వాళ్లకే వదిలేయండి, మీకు తెలియజేస్తే చాలు. పసిబిడ్డ ఉన్న తల్లి ఏ రాత్రులు రాగలదో మీకంటే ఆమెకే బాగా తెలుసు.

హ్యాండోవర్, అంటే డ్యూటీ దిగేవాళ్లు ఎక్కేవాళ్లకు రోగులను అప్పగించే సంగతి చాలామంది పట్టించుకోరు. డ్యూటీ ఉదయం ఎనిమిదికి అయిపోతుందని కాగితం మీద ఉంటుంది, సిస్టర్ గేటు దాటేసరికి తొమ్మిదవుతుంది. ఆ గంటకు జీతం లేదు, కృతజ్ఞత కూడా లేదు. రెండు డ్యూటీల మధ్య పదిహేను నిమిషాలు కలిసేలా వేళలు మార్చండి, ఆ పదిహేను నిమిషాలను పని గంటల్లోనే లెక్కించండి. రోగి మంచం పక్కనే నాలుగు ముక్కల్లో చెప్పుకోవడం అలవాటు చేయండి. ఇప్పుడు ఎలా ఉన్నాడు, వెనుక ఏం జరిగింది, నాకేమనిపిస్తోంది, ఏం చేయాలి. అమెరికా నౌకాదళంలోని జలాంతర్గాముల నుంచి ఆసుపత్రులకు వచ్చిన ఈ పద్ధతిని ఎస్‌బార్ అంటారు. ఇందులో నాకు నచ్చింది మూడో ముక్క. "నాకేమనిపిస్తోంది" అని చెప్పే హక్కు సిస్టర్‌కు దక్కుతుంది. అర్ధరాత్రి డాక్టరుకు ఫోను చేసినప్పుడు కూడా ఆమె ఇదే వరుసలో చెబితే "ఇంతకీ ఎందుకు లేపావు" అన్న విసుగు తగ్గుతుంది.

తప్పులు దాచుకునే సంగతి మీరు ఒక్క వాక్యంలో రాశారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ప్రమాదకరమైన వాక్యం అదే. 1990లలో అమెరికాలో ఎమీ ఎడ్మండ్‌సన్ అనే పరిశోధకురాలు ఆసుపత్రి వార్డుల్లో మందుల పొరపాట్లను పరిశీలించారు. మంచి జట్టుగా పనిచేసే వార్డుల్లో పొరపాట్లు తక్కువగా ఉంటాయనుకున్నారు. తీరా చూస్తే వాటిలోనే ఎక్కువ నమోదయ్యాయి. కారణం వెతికితే, ఆ వార్డుల్లో పొరపాటు జరిగిందని చెప్పుకోవడానికి భయం లేదు, మిగతాచోట్ల దాచేస్తున్నారని తోచింది. మీ ఆసుపత్రిలో పొరపాట్ల రిజిస్టరు ఖాళీగా ఉంటే సంతోషించకండి.

సూది గుచ్చుకున్న సంగతినే తీసుకోండి. హెచ్ఐవీ రాకుండా వాడే మందులు వీలైతే రెండు గంటల లోపే మొదలుపెట్టాలి, 72 గంటలు దాటాక ఇచ్చి ప్రయోజనం లేదు. "అజాగ్రత్తగా ఉన్నావు" అన్న తిట్టుకు, జీతం కోతకు భయపడి ఒక ఇరవై రెండేళ్ల అమ్మాయి ఆ గంటలను చేజార్చుకుంటే ఆ పాపం ఎవరిది? పొరపాటు తనంతట తాను వచ్చి చెప్పినవారికి జీతం కోత ఉండదని డైరెక్టర్ గారి సంతకంతో సర్క్యులర్ తీయించండి. మీ నోటిమాట సరిపోదు. సర్క్యులర్ తర్వాత వచ్చే మొదటి కేసును ఆసుపత్రి అంతా గమనిస్తుంది. ఆ ఒక్కసారి మాట తప్పితే మళ్లీ ఎవరూ నోరు విప్పరు. అలాగే హెపటైటిస్-బి టీకా మూడు డోసులూ ఎవరెవరికి పూర్తయ్యాయో ఈ వారమే చూడండి, ఆ ఖర్చు ఆసుపత్రిదే కావాలి.

కేకలేసే డాక్టర్ల సంగతి మీ స్థాయిలో తేలేది కాదు, దాన్ని మీ నెత్తిన వేసుకోకండి. "ఆయనకు పేషెంట్లు ఎక్కువ, ఆయన్ను ఏమీ అనలేం" అన్న మాట నేను పనిచేసిన ప్రతిచోటా విన్నాను. ఆ డాక్టరు వల్ల ఆసుపత్రికి ఎంత వస్తుందో అందరూ లెక్క వేస్తారు. ఆయన నోటికి జడిసి వెళ్లిపోయిన సిస్టర్ల స్థానంలో కొత్తవాళ్లను వెతికి, పని నేర్పి, నిలబెట్టడానికి ఎంత పోతుందో ఎవరూ లెక్క వేయరు. ఆ లెక్క మీరు వేసి ఇవ్వండి, మాట్లాడాల్సింది డైరెక్టరే. ఒక చిన్న సంగతి కూడా ఆయన చెవిన వేయండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన ఆపరేషన్ల భద్రతా పట్టికలో, కోత పెట్టేముందు గదిలోని ప్రతి ఒక్కరూ తమ పేరు, తమ పని చెప్పుకోవాలన్న అంశం ఉంది. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లోని ఆసుపత్రుల్లో ఆ పట్టికను వాడి చూస్తే ఆపరేషన్ తర్వాతి మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయి. పట్టికలో ఇంకా చాలా అంశాలున్నాయి, ఘనతంతా పేర్లదే అనను. కానీ పేరు తెలిసిన మనిషి తప్పు కనబడితే "సార్, ఒక్క నిమిషం" అనగలుగుతుంది. మీ రౌండ్స్‌లో "ఏయ్ సిస్టర్" పోయి పేరు రావాలి.

అటెండెంట్ల దౌర్జన్యం గురించి మీరు రాయలేదు. ఉండే ఉంటుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008లోనే ఆసుపత్రి సిబ్బందిపై దాడులను అరికట్టే చట్టం వచ్చింది, మూడేళ్ల వరకూ జైలు పడే నేరం అది. అలాంటిది జరిగితే ఫిర్యాదు ఆసుపత్రి పేరున వెళ్లాలి, సిస్టర్‌ను ఒంటరిగా పోలీస్ స్టేషన్‌కు పంపకూడదు. 2024 ఆగస్టులో కోల్‌కతా ఆసుపత్రిలో డ్యూటీలో ఉన్న యువ వైద్యురాలిపై జరిగిన ఘోరం తర్వాత నైట్ డ్యూటీ వాళ్లకు లోపలి నుంచి గడియ పడే విశ్రాంతి గది, వెలుతురున్న దారి ఉన్నాయా లేదా అన్నది చూడకుండా మూడు నెలలు గడిపేయకండి.

జీతం సంగతి దాటవేయలేం. గౌరవం ఇస్తున్నాం కదా అని జీతం ఎగ్గొట్టే యాజమాన్యాలను చూశాను. సుప్రీంకోర్టు 2016 జనవరిలో ఇచ్చిన ఆదేశం మేరకు ఏర్పడిన కమిటీ, 100 నుంచి 200 పడకల ప్రైవేటు ఆసుపత్రుల్లో నర్సుల జీతం అక్కడి రాష్ట్ర ప్రభుత్వ నర్సుల జీతం కంటే 10 శాతానికి మించి తగ్గకూడదని సిఫార్సు చేసింది. మీది 120 పడకలు. ఈ అంతరం ఒక్కసారిగా పూడ్చలేమంటే, ఏ ఏడాదికి ఎంత పెంచుతారో రాతపూర్వకంగా చెప్పమనండి. ఒకవేళ మీ ఆసుపత్రిలో సిస్టర్ల ఒరిజినల్ సర్టిఫికెట్లు బీరువాలో పెట్టుకునే అలవాటు ఉంటే, ముందు అవి తిరిగి ఇచ్చేయించండి. బీరువా తాళంతో నిలబెట్టుకున్న మనిషి ఉన్నట్టూ కాదు.

మీకు ఇంకొక హెచ్చరిక. మార్పు పేరు చెప్పి ప్రతి ఒక్కరూ ఒక కొత్త రిజిస్టరు తెస్తారు. ఆసుపత్రి నాణ్యతకు ఇచ్చే ఎన్ఏబీహెచ్ గుర్తింపు కోసమని కొన్ని, ఎవరో తనిఖీకి వస్తున్నారని కొన్ని. చివరికి సిస్టర్ రోగిని వదిలి రిజిస్టర్లకు సేవ చేస్తుంది. మీరు ఒకటి మొదలుపెడితే పాతవి రెండు మూసేయండి. ఏవి మూసేయాలో సిస్టర్లనే అడగండి, క్షణంలో చెబుతారు. కార్యక్రమానికి గొప్ప పేరు పెట్టకండి, బ్యానర్ కట్టకండి. ఆసుపత్రి మొత్తం ఒకేసారి ముట్టుకోకండి. ఆ ఒక్క జనరల్ వార్డే తీసుకుని మూడు నెలలూ దానికే ఇవ్వండి. వార్డు ఇన్‌చార్జి సిస్టర్ చేతిలో నెలకు కొంత డబ్బు, ఎవరి సంతకమూ అక్కర్లేకుండా ఖర్చుపెట్టే అధికారంతో ఉంచండి. థర్మామీటర్ పగిలితే, గ్లూకోమీటర్ బ్యాటరీ అయిపోతే ఆమే కొనుక్కోవాలి. చిన్న మొత్తమే అయినా, "ఈ వార్డు నీది" అన్న మాటకు అంతకంటే గట్టి రుజువు నాకు తెలియదు.

డైరెక్టర్ గారిని మీరు అడగాల్సినవి నాలుగు. ఇద్దరు సిస్టర్లు, ఒక వార్డు క్లర్కు, ఆ సర్క్యులర్ మీద సంతకం, యాజమాన్యం సమావేశంలో మీకు కుర్చీ. ఆయన నాలుగో దానికి తటపటాయించవచ్చు. దాని దగ్గర మాత్రం పట్టు వదలకండి, అది లేకపోతే మిగతా మూడూ వచ్చే ఏడాదికి మాయమవుతాయి. మూడు నెలల్లో మానేసేవాళ్ల సంఖ్య తగ్గకపోవచ్చని కూడా ఇప్పుడే ఆయనకు చెప్పి ఉంచండి. ఇప్పటికే మనసు విరిగినవాళ్లు వెళ్తారు. ఆ గడువులో చూపించగలిగినవి వేరే ఉన్నాయి: డబుల్ డ్యూటీలు ఎన్ని తగ్గాయి, సిస్టర్లు ఎన్నింటికి ఇంటికి వెళ్తున్నారు, రాత్రి అన్నం తిన్నారా.

రాజీనామా ఇచ్చిన ఆ సిస్టర్ ఇంకా నోటీసు కాలంలోనే ఉందనుకుంటాను. ఈ వారంలోనే ఆమెతో ఒక గంట కూర్చోండి. ఉండిపొమ్మని బతిమాలడానికి కాదు. ఆ వార్డులో రాత్రిపూట ఏం జరుగుతుందో ఆమె కంటే బాగా చెప్పగలవారు మీ ఆసుపత్రిలో లేరు, ఇప్పుడామెకు ఎవరికీ భయపడే పనీ లేదు. సర్టిఫికెట్లు, చివరి జీతం ముందే ఆమె చేతికి అందేలా చూసి, ఆ తర్వాత అడగండి.